వదిలిన జాగా

పాఠం చెప్పేవాణ్ణి కాదు నేను.
టేప్‌రికార్డర్ల తలలకి స్పిరిట్ పూసి
దూదితో తుడిచేవాణ్ణి.
గుంటూరు అరండల్‌పేటలో, కాలేజీ మేడమీద
చెక్క అరల్లో ముప్ఫై హెడ్‌ఫోన్లు.
వాటికి కాపలా, మస్తాన్‌వలి.

నాకంటే ముందు ఆ గది బెత్తానిది.
నల్లబల్ల మీద సగానికి కోసిన తలకాయ గీసి
నాలుకెక్కడ, అంగిలెక్కడ అని
అనంతాచార్యులు గారు అడిగేవారట.
"కంఠ్యాలూ తాలవ్యాలూ మనకి తెలీనివా,
దొరలొచ్చి చెప్పాలా?" అని నవ్వేవారట.
నవ్వాక కొట్టేవారట.
బస్సు చివర సు, పెన్ను చివర ను
ఎవరి నోట మిగిలితే వాళ్ల అరచేతిలో ఒకటి.
చేతులు వాచాయి గానీ
ఆ ఉకారం చావలేదు.
మాట చివర తలుపు తీసే ఉంచేవాళ్లం,
దభాల్న మూయమంటే ఎలా?

జెరూషా మేడం వచ్చాక
బెత్తం పోయి అగ్గిపెట్టె వచ్చింది.
పుల్ల గీసి పెదాల ముందు పట్టుకుని
"పెన్" అనమనేది.
మంట ఆరితే ఇంగ్లీషు.
ఆరకపోతే ఇంకా తెలుగే.
మన ప దీపాన్ని ఆర్పదు,
పిల్లలు బుగ్గలు పూరించి ఊదేవాళ్లు,
ఆమె కనుబొమ్మలు ఒకసారి కాలాయి.
నెలకి డజను అగ్గిపెట్టెలని బిల్లు రాస్తే
ప్రిన్సిపాల్ నా జేబులో బీడీలు వెతికాడు.

తర్వాత నా యంత్రాలు.
టేపులో ఎవరో దొరసాని ఒక మాట అనేది,
అని, కొంచెం జాగా వదిలేది.
ఆ జాగాలో పిల్లలు అనాలి.
తడిసిందీ వెట్టే, పశువుల డాక్టరూ వెట్టే.
"తేడా ఏంటి మస్తానూ?" అని నన్నడిగేవాళ్లు.
పళ్లు పెదవిని తాకాలంటగా అనేవాణ్ణి,
గాజు తలుపు అవతల నుంచి విన్నది.

ఫిబ్రవరిలో యార్డుకి మిరప టిక్కీలు దిగేవి.
గాలి ఇటు తిరిగితే
ముప్ఫై గొంతులూ ఒక్కసారే.
ఆ ఏటి టేపులన్నిటి మీదా
దొరసాని మాట, మన దగ్గు,
దొరసాని మాట, మన దగ్గు.
దగ్గులో మాత్రం ఎవరికీ తప్పులు పడలేదు.

ఆపైన కొత్త సార్లు వచ్చి
"అచ్చం వాళ్లలా పలకక్కర్లేదు,
ఎదుటివాడికి తెలిస్తే చాలు" అన్నారు.
మంచిమాటే. నాకూ నచ్చింది.
ఆ వేసవికి హెడ్‌ఫోన్లు
పాత సామాన్లవాడికి కిలోల లెక్కన పోయాయి.
తక్కెడ పట్టుకుంది నేనే.

ఇప్పుడు మా పక్క వాటాలో సలోమి.
నర్సింగ్ అయింది, జర్మన్ పరీక్షకి కూర్చుంది.
ఫోనే గురువు. కొట్టదు, తిట్టదు,
ఊరికే ఎర్రబడుతుంది.
ఇచ్ అంటే ఎరుపు.
ఇష్ అంటే ఎరుపు.
ఇక్ అంటే ఎరుపు.
రాత్రి పదకొండింటికి గోడ అవతల
అదే ముక్క, అరిగిన టేపులా.

ఉండబట్టలేక తలుపు కొట్టాను.
"గొడ్డుకారం తిన్నాక గాలి ఎట్టా పీలుస్తావమ్మా?"
స్స్... అంది.
"నాలుకని అక్కడే ఉంచు, కదపకు.
ఇప్పుడు ఆ గాలిని బయటికి వదులు."
వదిలింది.
ఫోను ఆలోచించింది.
ఆకుపచ్చ కాదు. పసుపు.
పిల్ల మంచం మీద ఎగిరి కూర్చుంది.

"ఇంతకీ ఆ మాటకి అర్థమేంటి?"
"'నేను' అంట బాబాయ్."

నేను.
అంత చిన్న మాట, అంత గాలి.
ముప్ఫయ్యేళ్లు ఆ జాగా
నా చేతులమీదుగా తిరిగింది, చక్రం మీద చక్రం,
ఒక్కసారీ నోరు తెరవలేదు.
జీతం తుడవడానికి కదా.

సలోమి ఫోను నా వైపు తిప్పింది.
అందులో ఎవరో అమ్మాయి ఆ మాట అని
ఆగింది.
కట్టుడు పళ్లు సరిచేసుకుని
అన్నాను.

ఎరుపు.
"మళ్లీ," అన్నాను, "ఇంకోసారి పెట్టు."